వంతెన దాటొచ్చిన జున్ను కేకులు

ఓల్జా నదికి ఇవతల పోలండ్, అవతల చెక్. ఊరొక్కటే. మధ్యలో గీత గీసి వందేళ్లు దాటింది. మా ఆవిడ హెర్మీనా దాన్ని రోజూ కొత్తగా గీస్తుంది.

మా ఊరి ఆచారం ప్రకారం, పెళ్లికి ముందు ఇంట్లో చేసిన జున్ను కేకుల పొట్లం చుట్టాలకు ఇచ్చి రావాలి. పొట్లం అందనివాళ్లు పెళ్లికి రారు, చచ్చేదాకా మర్చిపోరు.

మా అమ్మాయి లిడియా కోరిక ఒక్కటే. పెళ్లిలో పూలకిరీటం తీసి, పెళ్లయిన ఆడవాళ్ల టోపీ పెట్టేది తనను పెంచిన మేనత్త అయ్యుండాలి. అంటే అవతలి ఒడ్డునున్న మా అక్క జుజానా. హెర్మీనా మాత్రం బ్యాంకు మేనేజరు భార్యకు మాటిచ్చేసింది.

"మీ అత్తకి కేకులు పంపుతున్నాంగా, చాల్లే."

ఆ పంపేవి నేలమీద పడ్డ కేకులు. మా తెల్లపిల్లి వాటిమీద కాసేపు పడుకుంది కూడా. హెర్మీనా ఉఫ్ఫని ఊది పంచదార పొడి చల్లింది.

"ఛీ, ఏంటమ్మా అది!"

"అవతలివాళ్లకి రుచేం తెలుస్తుందే?"

పెళ్లికి రెండ్రోజులుందనగా వియ్యపురాలు బ్లాంకా అవతలి ఒడ్డు నుంచి వచ్చి, కొత్త రిబ్బను కట్టిన పొట్లం ఇచ్చింది. హెర్మీనా పింగాణీ ప్లేట్లు దించి, తనే ముందు కొరికింది. రెండు వేళ్లు నోట్లో పెట్టి తెల్ల వెంట్రుక లాగింది. లాగుతూనే ఉంది.

"థూ! ఏమనుకోకండి వదినగారూ, మీ ఒడ్డున వంటలింతే!"

"నేను చేసినవి కాదండీ. జుజానాగారు ఇచ్చారు. ఆవిడకెవరో పంపారట, విప్పనైనా లేదట. ఎవరి పాడుచేతులో!"

బ్లాంకా నోరు పుక్కిలించడానికి వెళ్లింది. ఆవిడ కొరకనే లేదు.

లిడియా పిల్లిని ఒళ్లో పెట్టుకుని, ఆ వెంట్రుకను దాని వీపుమీద పరిచింది.

"అమ్మా, టోపీ ఎవరు పెడతారు?"

"మేనేజరుగారి..."

"సరే. మా అత్తగారు పుక్కిలించి రానీ, ఈ కేకులెవరివో చెప్తా."

హెర్మీనా పిల్లిని చూసింది. నోట్లో మిగిలిన ముక్క మింగేసింది.

"మీ మేనత్తే పెడుతుందిలే."

పెళ్లిలో టోపీ మా అక్కే పెట్టింది. లిడియా ఆవిడ మెడ పట్టుకుని వదల్లేదు. హెర్మీనా కేకు పట్టుకొచ్చింది.

"తినండి వదినా, నా చేత్తో చేశా."

"నువ్వు తిను ముందు."

ఇద్దరూ కేకులు నోటిదాకా తెచ్చి ఫోటో దిగారు. ఇద్దరిలో ఎవరూ కొరకలేదు.