కుడివైపు మీటలు

మనవరాలి గురించి గొప్పలు చెప్పనని మా అమ్మాయి నా చేత రెండుసార్లు ఒట్టు వేయించుకుంది. రెండుసార్లూ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఏం చేయను, అలాంటి పిల్ల ఇంట్లో ఉంటే నోరు ఊరుకుంటుందా?

ఎనిమిదేళ్లది. ఒకచోట నిలవదని పిచ్చుక అంటాం. పియానో ముందు కూర్చుంటే మాత్రం గంటల తరబడి కదలదు. ఎవరూ నేర్పలేదు. నలభై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పియానోలకు శ్రుతి చేస్తున్నాను కానీ, నాకు వాయించడం రాదు. మా అమ్మాయికి ఆసుపత్రి డ్యూటీలతోనే సరిపోతుంది. ఈ పిల్లకు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

ఆ పియానో ఒక టీచరమ్మది. నేను ఏటా రెండుసార్లు వెళ్లి శ్రుతి చేసేవాణ్ని. ఆవిడది ఓ విచిత్రమైన పద్ధతి. మొదటి ఏడాది పిల్లలకు ఎడమవైపు మీటలే ఇచ్చేది. తను బెంచీకి కుడి చివర కూర్చుని, ఆ వైపున్న పైస్థాయి మీటలు తనే వాయించేది. ఒకసారి చేర్చుకున్న పిల్లను ఇంకొకరి దగ్గరికి పోనిచ్చేది కాదు. ఇంటికెళ్లి మరీ వెనక్కి తెచ్చుకునేది. వెళ్లినప్పుడల్లా నేను పిచ్చుక గొప్పలే చెబుతుంటే విసుగెత్తి, ఒకరోజు తీసుకురమ్మంది. మీకే అప్పగిస్తానని మాటిచ్చాను. ఇవాళా రేపా అనుకుంటూ ఉండగానే ఆవిడ పోయింది. గదిలో అడ్డంగా ఉందని బంధువులు పియానోను నన్నే పట్టుకుపొమ్మన్నారు. అది ఇంటికొచ్చిన వారానికే పిచ్చుక వాయించడం మొదలుపెట్టింది.

బెంచీకి ఎడమ చివరే కూర్చునేది. కాసేపు వాయించి, ఆగి, మళ్లీ అందుకునేది. పక్క గదిలో కూర్చుని వింటుంటే ఆ ఖాళీలు నాకు భలే నచ్చాయి. ఈ వయసులో ఇంత ఓపికగా ఆగడం ఎవరికొస్తుందని పాలవాడి దగ్గర్నుంచి అందరికీ చాటింపు వేశాను. పప్పులో కాలేశానని అప్పుడు తెలియలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పనిలో చెవి పైస్థాయి నుంచి అరుగుతూ వస్తుంది. ఐదేళ్లుగా కుడివైపు సన్న స్వరాలు నాకు వినపడవు. సూది ఊగే చిన్న యంత్రాన్ని చూసి శ్రుతి చేసి, విన్నవాడిలా తలాడిస్తాను. మా అమ్మాయికి కూడా ఈ మాట చెప్పలేదు.

సోమవారం సంగీత పాఠశాలలో పిచ్చుకకు పరీక్ష. ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారు. అందులో చేరితే పిల్ల జీవితం గట్టెక్కినట్టే. మా అమ్మాయి సెలవు కూడా పెట్టింది. శనివారం మధ్యాహ్నం పై అంతస్తులో ఉండే దర్జీ, నా చొక్కా సరిచేసి తెచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మన పిచ్చుకతో కలిసి వాయించేదెవరు బాబాయ్? పిల్ల ఆగినప్పుడల్లా ఇంకెవరో అందుకుంటారు. పైనుంచి రోజూ వింటున్నా."

ఎవరూ లేరన్నాను. వేళాకోళం చేస్తున్నాననుకుని నవ్వుతూ వెళ్లిపోయాడు. పియానో ముందు పలక ఊడదీశాను. తీగల్ని కొట్టే సుత్తులకు కిందటేడు, పియానో ఇంటికొచ్చిన రోజే, నా చేతులతో కొత్త ఉన్ని వేశాను. ఎడమవైపు ఉన్ని మీద ఉండాల్సినంత గాట్లే ఉన్నాయి. పిచ్చుక చెయ్యే వేయని కుడివైపు మాత్రం ఉన్ని చెక్క కనబడేదాకా అరిగిపోయింది. గంటల కొద్దీ వాయిస్తే తప్ప అలా అరగదు.

పిచ్చుకను పిలిచి, నీ పక్కన ఎవరుంటారే అని అడిగాను. టీచర్ అంది, నాకు తెలిసిన సంగతే అన్నట్టు.

భయం వేసింది. భయం వేస్తే నాకు కోపమొస్తుంది. పానా తీసుకుని కుడివైపు తీగలన్నీ ఒక్కొక్కటే వదులు చేసేశాను. ఇక ఎవరు మీట నొక్కినా స్వరం పలకదు. పిచ్చుక ఏడవలేదు, అడ్డు రాలేదు. నా పని అయ్యాక వచ్చి, తన చోట కూర్చుని నాలుగు స్వరాలు వాయించి ఆగింది. కుడివైపు తిరిగి ఏదో విన్నట్టు తలూపింది. తర్వాత బెంచీ మీద కుడి చివరికి జరిగింది.

"టీచర్ ఎడమ పక్కకి వస్తారంట తాతయ్యా. పైవి నీకెలాగూ వినపడవు కదా అంటున్నారు. ఇప్పుడు విని నువ్వే చెప్పాలంట. బాగుంటే నేను సోమవారం వెళ్లక్కర్లేదంట. ఎప్పటికీ టీచర్ దగ్గరే ఉండొచ్చంట."

వద్దనబోయాను. ఈలోగా ఎడమవైపు మీటలు వాటంతటవే దిగాయి. లావు తీగలు కదా, ప్రతి స్వరమూ నా ఎముకల్లోకి దిగింది. పిచ్చుక మధ్య మీటల మీద అందుకుంది. దాని వేళ్లు అంత ధైర్యంగా పరిగెత్తడం నేనెన్నడూ చూడలేదు. ఇన్నాళ్లూ నేను విన్నది సగమేనని అప్పుడు తెలిసింది. పిల్లను చంకన వేసుకుని వీధిలోకి పరుగెత్తాలని ఉంది. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, నలుగురినీ పిలిచి, చూడండి నా మనవరాలు అని చూపించాలని కూడా ఉంది. కళ్లు తుడుచుకుంటూ చివరిదాకా అక్కడే నిలబడ్డాను.

"బాగుందా తాతయ్యా?"

లేదనాలి. అంతే, ఒక్క మాట. వినపడనివి విన్నట్టు ఐదేళ్లుగా ఊరందరికీ అబద్ధం చెప్పినవాణ్ని. కానీ అది వాయించి నా మొహంలోకి చూస్తుంటే, బాగాలేదనే మాట నాకు రాదు.

"అద్భుతం తల్లీ" అన్నాను.

పిచ్చుక మొహం వెలిగిపోయింది. నా వైపు కాదు, ఎడమవైపు తిరిగింది.

"విన్నారుగా టీచర్, తాతయ్య ఒప్పుకున్నాడు."