హులిగమ్మ అవ్వ రాయల్టీ

కెమెరా పట్టకముందు మా ఆయన విజయ్ ఆదోని దగ్గర క్వారీలో కంకర ట్రాక్టర్ తోలేవాడు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాతి భాగోతమంతా ఆ ట్రాక్టర్ మీదే వచ్చింది. క్వారీలో రాయల్టీ అంటే ప్రభుత్వానికి కట్టేది. కట్టిన చీటీ లేకపోతే చెక్‌పోస్టులో బండి ఆపేస్తారు. అసలు రాయల్టీయే కట్టక్కర్లేని సరుకైతే ఇక అడిగేవాడే లేడని లెక్క. మా ఆయన బుర్రలో ఆ మాట అట్లాగే పాతుకుపోయింది.

ఎమ్మిగనూరులో మాదొక చిన్న వీడియో షాపు. పెళ్లి వీడియోలు తీసి, యూట్యూబులో పెట్టి, లింకు పంపుతాం. మొన్నొకదానికి సినిమా పాట వేస్తే, ఆ పాట హక్కులు మీవి కావంటూ యూట్యూబువాళ్లు వీడియో నోరు మూసేశారు. మూగపెళ్లి చూసుకున్న ఆ పెళ్లివారు మా షాపు ముందు వేసిన కేకలు మాత్రం మూగవి కావు.

అందుకే మా వీధి తిక్కయ్యన్న కూతురు నాగవేణి పెళ్లి వీడియోకు సినిమా పాటల జోలికి పోవద్దని ఆయనకు గట్టిగా చెప్పి, మా అమ్మను చూడటానికి చిప్పగిరి వెళ్లాను. అక్కడికి ఫోన్ చేశాడు.

"మ్మే సునీతా! ఇంటర్నెట్‌లో రాయల్టీ ఫ్రీ మ్యూజిక్ కుప్పలు కుప్పలుగా పడి ఉందిమే. ఎత్తుకున్నోళ్లకు ఎత్తుకున్నంత!"

"ముందు సరిగ్గా సదువు..." అనేలోపే పెట్టేశాడు.

నేను తిరిగొచ్చేసరికి వీడియో తయారైపోయింది, పెన్‌డ్రైవ్ తిక్కయ్యన్న ఇంటికి చేరిపోయింది. మీసం మెలేస్తూ నాకూ చూపించాడు. సన్నాయి బాగానే ఉంది. నాగవేణి సిగ్గుపడుతూ పీటల మీద కూర్చుంది. ఉన్నట్టుండి ఎవరో ఇంగ్లీషావిడ తీయగా "ట్రయల్ వర్షన్" అంది. నేను ఉలిక్కిపడ్డాను. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. "ట్రయల్ వర్షన్." మూడు ముళ్లూ పడ్డాయి, తలంబ్రాలు పోసుకున్నారు. "ట్రయల్ వర్షన్."

"ఎవరయ్యా ఈమె?"

"పాటలోదేమే. ఇంగ్లీషోళ్లు పాట మధ్యలో ఏందో ఒకటి అంటాంటారు కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. రాయల్టీ ఫ్రీ అంటే ఊరికే వచ్చేదని కాదు, ఒకసారి కొనుక్కుంటే వాడినప్పుడల్లా మళ్లీ కట్టక్కర్లేదని అర్థం. ఈయన ఎత్తుకొచ్చింది కొనేముందు వినిపించే మచ్చు. ఎవరూ ఊరికే వాడుకోకుండా దాని మీద ఆ గొంతు వేసి పెడతారు. ఇదంతా వీధి వీధంతా వినేట్టు చెప్పాను.

"తాళి కట్టేటప్పుడు ట్రయల్ అంటే, సూసినోళ్లు ఏమనుకుంటారప్పా?"

పెన్‌డ్రైవ్ వెనక్కి తెచ్చుకుందామని పరుగెత్తాం. అప్పటికే తిక్కయ్యన్న తల్లి హులిగమ్మ అవ్వ టీవీ ముందు మంచం మీద ఆనుకుని చూస్తోంది. తుంటి ఎముక విరిగి, హాలహర్విలో పెళ్లికొడుకు ఇంటి దగ్గర జరిగిన పెళ్లికి వెళ్లలేకపోయింది. నాగవేణిని పాలడబ్బా పట్టి పెంచింది ఆమే. ఆ పెళ్లి ఆమెకు దక్కేది ఆ టీవీలోనే.

"ఏమప్పా విజయ్, తాళి కట్టేటప్పుడు ఆ యమ్మ ఏమంటాంది?"

మా ఆయన టీవీ వైపు తిరిగి అన్నాడు, "దీవిస్తాంది అవ్వా."

నేను వెనకనుంచి గిల్లాను.

"ఎంత మంచి గొంతప్పా! నేను ఆడ లేకపోతిని. ఆ యమ్మన్నా నా బదులు నా బిడ్డను దీవించె" అంది అవ్వ.

చిన్న సవరణ ఉందని చెప్పి పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాం. ఈసారి వెతకడానికి నేనే కూర్చున్నాను. 'హ్యాపీ ఇండియన్ వెడ్డింగ్' అన్నదాంట్లో పాములాడించే బూర. 'విలేజ్ జాయ్' వింటే ఎడారిలో ఒంటెలు పోతున్నట్టుంది. విసిగి వేసారాక ఒకచోట మన సన్నాయి, మన డోలు దొరికాయి. ధర మేం నెలకు తాగే టీల ఖర్చంత కూడా లేదు. షరతులు అక్షరం వదలకుండా చదివి కొన్నాను. ఇంగ్లీషావిడకు సెలవిచ్చేశాం.

కొత్త వీడియో పట్టుకుని దర్జాగా వెళ్లాం. తాళి ఘట్టం రాగానే అవ్వ చెవి రిక్కించింది. ముళ్లు పడ్డాయి. తలంబ్రాలూ అయిపోయాయి.

"ఆ యమ్మ యాడికి పోయె?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"దీవెన ఎందుకు తీసేస్తిరప్పా? ఎవురూ దీవించని పెండ్లా నా బిడ్డది?" అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక నా వల్ల కాలేదు. మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె దీవించలేదవ్వా, ఇది మచ్చు మాత్రమే, కావాలంటే కొనుక్కోండి అన్నది, అంతే.

అవ్వ మా ఆయన వైపు తిరిగింది. "సంతలో కర్బూజా కోసినట్ల నా మనవరాలి పెండ్లికి మచ్చు కోస్తివా? నీ నోట్లో మన్ను పొయ్య!" అని, తుంటి పట్టుకుని మరీ నవ్వింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అంది, "అయితే దీవించినోళ్లు ఎవురూ లేరన్నమాట."

"ఆ యమ్మ ఉండిన తావు ఖాళీగానే ఉందవ్వా. నువ్వు దీవించు" అన్నాను.

షాపు నుంచి మైకు తెచ్చి దగ్గర పెడితే అవ్వ ముందు కొంగు సర్దుకుంది, గొంతులో కొంగు కూడా కనిపిస్తుందన్నట్టు. "నాగీ, సల్లంగుండు తల్లీ. వానితో ఎంత కొట్లాడినా అన్నం మాత్రం మానొద్దు. అవ్వ రాలేదని ఏడ్సొద్దు. ఈడే ఉండా."

సరిగ్గా మూడు ముళ్ల దగ్గర పెడతానని మాటిచ్చాను. బయల్దేరబోతుంటే, అవ్వను మంచి చేసుకుందామని మా ఆయన అన్నాడు:

"అవ్వా, నీ గొంతు రాయల్టీ ఫ్రీనేనా?"

"అంటే?"

నా దగ్గర తిన్న తిట్లు ఊరికే పోలేదు, ఈసారి సరిగ్గానే చెప్పాడు. "వాడుకున్నప్పుడల్లా నీకు కట్టాలంటే రాయల్టీ. కట్టే పని లేదంటే ఫ్రీ."

అవ్వ ఆలోచించింది. "ఫ్రీ లేదు గీ లేదు. నాగి ఆ వీడియో సూసినప్పుడల్లా నాకు ఫోన్ సెయ్యాల. అదే నా రాయల్టీ."

మరుసటి రోజు బెంగళూరులో కొత్త కాపురం పెట్టిన నాగవేణికి వీడియో లింకూ, అవ్వ పెట్టిన షరతూ కలిపి పంపాను. ఆ పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి మేం అవ్వ దగ్గరికి వెళ్లిన కాసేపటికే ఫోన్ మోగింది. అటువైపు నుంచి ఏడుపు తప్ప మాట లేదు. "ఏడ్సొద్దని అందులోనే సెప్పినా కదమ్మే" అని అవ్వ కూడా ఏడ్చింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఫోన్ పెట్టేసి మాకు టీ పెట్టించింది. గ్లాసులు ఖాళీ కాకముందే మళ్లీ మోగింది.

"మళ్లా సూసినావా?" అంది అవ్వ, చెక్‌పోస్టులో కూర్చున్న మనిషిలా.