వెదురు బొంగుల్లో కరెంటు

సీతారాములు ఆ యంత్రాన్ని మోసుకొని బస్సు దిగినప్పుడు హుజూర్‌నగర్ బజారులో సగం మంది పని ఆపి చూశారు. భుజాన నిలువెత్తు కట్టె, దాని చివర సత్తు పళ్లెమంత గుండ్రటి చట్రం, రెండో చేతిలో బరువైన చెక్కపెట్టె, మెడకు వేలాడుతున్న హెడ్‌ఫోను. రేడియో సామాన్లు తెస్తానని సికింద్రాబాదు వెళ్లిన మనిషి ఈ అవతారంలో సాలెవాడ మలుపు తిరిగేసరికి, మగ్గం గుంటలో కూర్చున్న అతని భార్య ఆండాళు నాడె విసరడం మరిచిపోయి అట్లాగే ఉండిపోయింది.

పుట్టింది సాలోళ్లింట్లోనే అయినా సీతారాములుకు మగ్గం మీద మనసు కుదరలేదు. పట్నంలో రేడియో పని నేర్చుకొని వచ్చి, చుట్టుపక్కల ఊళ్ల పంచాయతీ రేడియోలన్నీ అతనే బాగుచేసేవాడు. అప్పటికింకా చాలా ఊళ్లకు కరెంటు రాలేదు. ఆ రేడియోలన్నీ బ్యాటరీల మీదే పాడేవి. ఇంట్లో నేత ఆండాళుది. ఇద్దరి పనీ ఒకే గదిలో. ఒక మూల మగ్గం, ఇంకో మూల విప్పి పరిచిన రేడియోలు.

సిపాయిలు యుద్ధంలో నేలలో పాతిన మందుపాతరలను వెతకడానికి వాడిన యంత్రం అదని సీతారాములు చెప్పాడు. మిలిట్రీ వాళ్లు అమ్మేసిన పాత సామానులో కనబడిందట. చూశాక వదిలి రాలేకపోయాడట.

"గీ కట్టె ఏం జేస్తది?" అని అడిగింది ఆండాళు.

"ఇనుము యాడున్నా కూత పెడ్తది."

"మనింట్ల పోయిన ఇనుమేమున్నదని ఎతుకుతవ్?"

"ఎతికే సంగతి తర్వాత. ముందుగాల దాన్ని కూయనియ్యి," అన్నాడు సీతారాములు, కళ్లు మెరుస్తుండగా.

కానీ అది కూయలేదు. చెక్కపెట్టె విప్పి చూస్తే లోపలి బ్యాటరీ ఎప్పుడో ఎండిపోయి, ఉప్పు పొంగి, పెట్టెకు అంటుకుపోయి ఉంది. ఆ యంత్రం కోసమే చేసిన బ్యాటరీ అది. యుద్ధంతోపాటే దాని తయారీ కూడా ఆగిపోయిందని సీతారాములుకు యంత్రం అమ్మిన దుకాణం వాడు ముందే చెప్పాడు. సీతారాములు మాత్రం ఏమీ దిగులుపడలేదు. యంత్రం మూత తీసి, ఒక్కో తీగె ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నదో వేలితో వెతుకుతూ కూర్చున్నాడు. మధ్యమధ్య తనలో తను నవ్వుకున్నాడు. అన్నం చల్లారిపోయింది.

ఆండాళుకు అర్థమయ్యేట్టు అతను చెప్పింది ఇది. యంత్రానికి రెండు రకాల కరెంటు కావాలి. లోపలి గాజు వాల్వుల్లో సన్నటి తీగెలు ఎర్రగా కాగాలి. దానికి ఒక్క టార్చిలైటు సెల్లంత వోల్టు చాలు, కానీ అది గటగటా తాగుతుంది. రెండోదానికి అరవై వోల్టుల ఒత్తిడి కావాలి, కానీ అది తాగేది బొట్టే. టార్చిలైటులో బల్బు వెలిగించలేని సెల్లు కూడా ఆ బొట్టును ఎన్నో వారాలు ఇవ్వగలదు. అంటే మొదటిదానికి కొత్త సెల్లులు, రెండోదానికి జనం పారేసిన సెల్లులు.

ఇక ఊరంతా అతనికి గని అయిపోయింది. టూరింగ్ టాకీసు గేటు దగ్గర టార్చి వేసే మనిషిని అడిగాడు, ధాన్యం గోదాముల కావలివాళ్లను అడిగాడు, లారీ డ్రైవర్లను అడిగాడు. అయిపోయిన సెల్లులు ఎవడైనా అడుగుతాడా అని నవ్విన వాళ్లే గంపలో వేసి పంపారు. ఒక్కో సెల్లుకూ మీటరు పెట్టి, ముల్లు లేచినవి ఒక పక్కన, లేవనివి ఇంకో పక్కన పోస్తుంటే, ఆండాళు కూడా మగ్గం దిగి వచ్చి కూర్చుంది. ముల్లు లేచినప్పుడల్లా ఆమెకు తెలియకుండానే పెదవుల మీద నవ్వు లేచేది.

మంచివి యాభైకి దగ్గరగా తేలాయి. వాటన్నిటినీ ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టాలి. సెల్లులు సరిగ్గా పట్టే లావు వెదురు బొంగులను సీతారాములు కోసుకొచ్చాడు. ఒక్కో బొంగులో పది పన్నెండు సెల్లులు జారవిడిచి, అడుగున డబ్బారేకు ముక్క, పైన స్ప్రింగు పెట్టి బిరడా బిగించాడు. ఒక బొంగు తలనుంచి ఇంకో బొంగు అడుగుకు తీగె కలిపాడు. కాగే తీగెల కోసం కొత్త సెల్లులు వేరే, చిన్న డబ్బాలో పక్కపక్కన.

"ఈ రెండు కరెంట్ల తీగెలు ఒకటికొకటి తాకినయనుకో, వాల్వులు మాడిపోతయ్. మళ్ల దొరకయ్," అన్నాడు.

ఆండాళు ఎర్ర నూలు తెచ్చి బొంగులనుంచి వచ్చే తీగెలకు చుట్టింది, పచ్చ నూలు తెచ్చి చిన్న డబ్బానుంచి వచ్చే తీగెలకు చుట్టింది. పడుగులో రంగులు కలవకుండా పెట్టే చేతులు అవి. సీతారాములు ఆ ముడులను చూసి, ఇంక తాకే భయం లేదని మీట నొక్కాడు. ముందు ఏమీ లేదు. తరువాత హెడ్‌ఫోనులో సన్నటి ఈల మొదలైంది. అతను ఒక చెవి డిప్పను తీసి ఆండాళు చెవికి ఆనించాడు. చట్రాన్ని మెల్లగా గోడమూలన ఉన్న పారవైపు జరిపాడు. ఈల పెరిగి పెరిగి కూతైంది. ఆండాళు మళ్లీ జరుపు, మళ్లీ జరుపు అంటూ పొద్దు వాలేదాకా ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప ముక్కనూ కూయించింది. కాలి వెండి మెట్టెలకు కూడా కూసిందని పక్కింటివాళ్లను పిలిచి చూపించింది.

ఆ వారమంతా సాలెవాడలో అదే పండుగ. కూసే కట్టె అని పేరు పెట్టారు. పోయిన తాళంచెవులు దొరికాయి, బావిగట్టున మట్టిలో కూరుకున్న కొడవలి దొరికింది. ఒక్కటే ఇబ్బంది. నడుస్తుంటే బొంగుల్లో సెల్లులు కదిలి, ఈల ఉన్నట్టుండి ఆగిపోయేది. బొంగును అరచేత్తో తడితే మళ్లీ వచ్చేది.

అట్లాంటి రోజుల్లోనే ఒక పొద్దున సైదమ్మ వచ్చింది. ఊరి చివర గొర్లు కాసే ఐలేశం భార్య ఆమె. సాలెవాడకు పాలు పోసేది ఆమే. ఆ రోజు ఆమె చేతిలో పాలచెంబు లేదు. గడపలో కూలబడి, తన బర్రె మేత మానేసిందని చెప్పింది. వీపు గూనిలా వంచి నిలబడుతోందట. ముందుకాళ్లు ఎడంగా పెట్టి, దిగుడు దిగాలంటే మూలుగుతోందట. నెమరు లేదు. పశువుల దవాఖానకు తోలుకుపోతే డాక్టరు చూసి, తౌడుతోపాటు ఏదో ఇనుము మింగి ఉంటుంది, అది గుండెవైపు గుచ్చుకుంటుండవచ్చు అన్నాడట. కడుపు కోసి తీయవచ్చు. కానీ లోపల ఇనుము లేకపోతే, కోసి అనవసరంగా బర్రెను ప్రమాదంలో పెట్టినట్టని వెనకాడుతున్నాడట.

చెప్పడం అయిపోయి, సైదమ్మ గోడకు ఆనించిన యంత్రంవైపు చూసింది.

"చెల్లె, గది భూమిలున్న ఇనుముకేనా, కడుపులున్న ఇనుముకు గూడ కూస్తదా?"

ఆండాళు మొగుడివైపు చూసింది. ఈ ఆలోచన సీతారాములుకు ఎన్నడూ రాలేదు. అతను లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. మట్టిలోంచి వచ్చే కూత చర్మంలోంచి ఎందుకు రాదు? అప్పటికప్పుడు యంత్రాన్ని భుజాన వేసుకున్నాడు. బొంగులను ఆండాళు ఎత్తుకుంది. ఇద్దరూ సైదమ్మ వెనుక పరుగులాంటి నడకతో పశువుల దవాఖానకు పోయారు.

డాక్టరు నడివయసు మనిషి. యంత్రాన్ని చూసి ఎగతాళి చేయలేదు సరికదా, ఇట్లాంటివి వేరే దేశాల్లో వాడుతున్నారని చదివానని, తాను చూడడం ఇదే మొదలని అన్నాడు. ఆయన గొంతులో కూడా ఆత్రం వినబడింది. బర్రె మెడలోని గొలుసు తీయించాడు. ఆండాళు మెట్టెలు తీసి కొంగున కట్టుకుంది. ఐలేశం బర్రె తల పట్టుకొని నిలబడ్డాడు.

సీతారాములు చట్రాన్ని కుడిపక్కన, ముందుకాలి వెనుక ఆనించాడు. ఈల మారలేదు. కడుపు కిందకు తెచ్చాడు. కొంచెం వణికింది. ఎడమపక్కకు తిప్పి ముందుకాలి మోచేతి వెనుకకు జరిపేసరికి ఈల గబుక్కున పైకి లేచింది. అతని ముఖం చూసి సైదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

డాక్టరు తొందరపడలేదు. ఈ నేలలో ఏ మేకో ఉండవచ్చు కదా, బర్రెను జరపండి అన్నాడు. ఐలేశం దాన్ని బుజ్జగించి వేపచెట్టు అవతలికి నడిపించాడు. పాత చోట కట్టె పెడితే ఉత్త ఈలే. బర్రె దగ్గరికి తెచ్చి ఎడమ మోచేతి వెనుక పెట్టబోతుండగా హెడ్‌ఫోను మూగబోయింది.

సీతారాములు మీట ఆర్పి మళ్లీ వేశాడు. ఈల లేదు. ఆండాళు బొంగులను నేలమీద పరిచి మొదటిదాన్ని రెండు చేతులతో అదిమింది. లేదన్నట్టు అతను తల ఊపాడు. రెండోదాన్ని అదిమింది. మూడోదాని బిరడా మీద అరచెయ్యి పెట్టి బలంకొద్దీ నొక్కేసరికి అతని కనుబొమలు లేచాయి.

"గట్లనే పట్టు. ఇడువకు."

ఆండాళు ఆ బొంగును ఒళ్లోకి తీసుకొని, బిరడాను గుండెకు ఆనించి అదిమి పట్టుకుంది. సీతారాములు చట్రాన్ని మళ్లీ జరిపాడు. ఎడమ మోచేతి వెనుకకు రాగానే కూత. తీస్తే ఈల. పెడితే కూత. డాక్టరు హెడ్‌ఫోను అడిగి తీసుకొని తానే కట్టె పట్టుకొని చూశాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చూశాడు. తరువాత హెడ్‌ఫోను తీసి సైదమ్మవైపు తిరిగాడు.

"అన్ని లక్షణాలూ ఉన్నాయి, ఇప్పుడు కూతా వచ్చింది. నాకు ధైర్యం వచ్చింది. నీకుందా?"

"కోయిండ్రి సారూ," అంది సైదమ్మ.

బర్రెను కొయ్యల మధ్య నిలబెట్టి కట్టేశారు. డాక్టరు ఎడమ డొక్కన మత్తుసూదులు పొడిచి, చర్మం మొద్దుబారాక కోశాడు. భుజందాకా చెయ్యి లోపలికి పెట్టి, కళ్లు మూసుకొని వెతకసాగాడు. ఆండాళు ముఖం తిప్పుకోలేదు. ఆయన వేళ్లు ఎక్కడున్నాయో ఆయన ముఖంలో చదవడానికి చూస్తోంది. గడ్డి పిడికెడు బయటకు వచ్చింది. చిన్న రాయి వచ్చింది. ఆయన పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరం ఉబ్బింది, చెయ్యి మెల్లగా వెనక్కు వచ్చింది. రెండు వేళ్ల మధ్య నల్లగా, పొడుగ్గా ఉంది. గోనెసంచులు కుట్టే దబ్బనం. తౌడు సంచిలోనే జారి పడి ఉండాలి.

సైదమ్మ నేలమీద కూర్చుని రెండు చేతులూ జోడించింది. ఎవరికి జోడించిందో ఆమెకే తెలియదు. దబ్బనాన్ని తొట్లో కడిగి సీతారాములు అరచేతిలో పెట్టుకొని, ఇంత దానికే కూసిందా అని నమ్మలేనట్టు తిప్పి తిప్పి చూశాడు. ఆండాళుకు అప్పుడు గుర్తొచ్చింది, బొంగును తానింకా గుండెకు అదిమే పట్టుకున్నానని. అరచేతిలో బిరడా అచ్చు ఎర్రగా దిగి ఉంది.

రెండు మూడు రోజులు బర్రె నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తరువాత ఒక పొద్దున ఐలేశం చేతిలోని పచ్చిగడ్డిని గుంజుకొని తిని, వేపచెట్టు కింద పడుకొని నెమరు వేసింది. సైదమ్మ చెంబునిండా పాలు తెచ్చి సాలెవాడలో కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈలోగా ఆండాళు బొంగులకు లోపలినుంచి సైకిలు ట్యూబు ముక్కలు దట్టించి, నాలుగింటినీ కలిపి మందపాటి నూలు పట్టీతో వీపుకు తగిలించుకునే సంచి కుట్టింది. పరుగెత్తి చూసింది, గెంతి చూసింది. ఈల తెగలేదు.

కోదాడ దారినుంచి ఒక రైతు ఎద్దును తోలుకొని వచ్చిన రోజున సీతారాములు ఇంట్లో లేడు, ఏదో ఊళ్లో పంచాయతీ రేడియో పాడటం లేదంటే పోయాడు. దవాఖాన నుంచి కబురు వచ్చింది. ఆండాళు మగ్గం దిగింది. సంచి వీపుకు తగిలించుకొని, కట్టె భుజాన పెట్టుకొని, బజారంతా చూస్తుండగా నడిచి వెళ్లింది. డాక్టరు నవ్వి, పక్కకు తొలిగి జాగా ఇచ్చాడు. ఆమె ఎద్దు వీపు నిమిరి, దాని పక్కన బెరుకుగా నిలబడ్డ రైతువైపు తిరిగింది.

"ఎన్నొద్దుల సంది మేత ముడ్తలేదు?" అని అడిగింది, హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుంటూ.