బల్ల మీదికి రాని పుస్తకం

మా అమ్మాయి చెవి వెనక వినికిడి మిషన్ కనపడకుండా జుట్టు కప్పుకునేది. మూడో తరగతిలో స్కూలు లైబ్రరీ నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకుంది. అందులో పిల్లకీ అలాంటి మిషనే ఉంది. మర్నాడు తనే రబ్బర్‌బ్యాండ్ తెచ్చి, "జుట్టు పైకి కట్టమ్మా" అంది. ఆ పుస్తకం పోతే జుట్టు మళ్లీ కిందికి దిగుతుందని నా భయం.

పుస్తకం తీసేయమని స్కూలు కమిటీకి అర్జీ పెట్టింది ఎవరో కాదు, మా ఆడపడుచే. కథలో నానమ్మ తిడుతుంటే ఆ పిల్ల మిషన్ ఆపేసుకుంటుంది. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే చెవులు మూసుకోమని నేర్పుతారా?" అంటుంది మా వదిన. ఎవరో ఫోన్లో పంపిన ఆ ఒక్క పేజీ తప్ప ఆవిడ పుస్తకం చూడలేదు.

నేనూ, మా వీధి టైలరమ్మా, రిటైరైన నర్సూ నడుం కట్టాం. ఇలాంటి పుస్తకాలు ప్రతి తరగతికీ కావాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయించాం. రూల్సన్నీ చదివి నర్సు ఒక ఉపాయం కనిపెట్టింది. పుస్తకం బల్ల మీద ఉంటేనే కమిటీ విచారణ చేయాలట. ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి ఉంటే వాయిదాయేనట. ఇంకేం, సంతకాలు చేసినవాళ్ల పేర్లతో నర్సు వెయిటింగ్ లిస్టు రాసింది, వంతులేసుకుని తీసుకెళ్లాం. మూడు వాయిదాలు పడ్డాయి.

నాలుగోసారి టైలరమ్మ కొంప ముంచింది. నర్సు వచ్చేదాకా ఆగకుండా పుస్తకం కౌంటర్లో ఇచ్చేసింది.

"గడువు దాటితే బాగుండదని..." అంది నసుగుతూ.

"నా బట్టలు ఏనాడైనా చెప్పిన రోజుకి కుట్టిచ్చావా తల్లీ? దీనికే గుర్తొచ్చిందా గడువు?" అంది నర్సు.

అప్పటికే మా వదిన పుస్తకం పట్టుకుపోయింది. "శనివారం విచారణలో నేనే బల్ల మీద పెడతాలే మరదలా, నీకెందుకు శ్రమ" అని ఫోన్ కూడా చేసింది.

శనివారం మా అమ్మాయి జుట్టు విరబోసుకునే స్కూలుకొచ్చింది. వదినేమో ఖాళీ చేతులతో వచ్చింది.

"పుస్తకం ఏదమ్మా?" అన్నారు హెడ్మాస్టరు.

"మా అమ్మ తెస్తోంది," అంది నేలచూపులు చూస్తూ.

మా అత్తగారు వదిన దగ్గరే ఉంటారు. ఆవిడకీ చెవి మిషన్ ఉంది. ముసలిదాన్ననుకుంటారని ఏడాదిగా సొరుగులోంచి తీయలేదు. ఆ రోజు అది పెట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, ఒళ్లో తెరుచుకుని కూర్చున్నారు.

"అమ్మా, అది బల్ల మీద పెట్టు."

"ఇంకా ఎనిమిది పేజీలున్నాయే. కూడబలుక్కుని చదువుకుంటున్నా."

"ఆ పిల్ల నానమ్మ మాట వినదమ్మా."

"ఆ నానమ్మ సణుగుడు నువ్వు చదవలేదు. నేనైనా ఆపేసేదాన్నే."

"అందరి ముందూ పరువు తీయకు. ముందు నేను చెప్పేది విను."

అత్తగారు చెవి వెనక వేలు పెట్టి నొక్కారు. తాపీగా పేజీ తిప్పారు.

హెడ్మాస్టరు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. మా అమ్మాయి కిసుక్కున నవ్వి, వెళ్లి నానమ్మ పక్కన చేరింది. పుస్తకం మీదికి వంగితే జుట్టు కళ్లకడ్డం పడింది.

"అత్తా, కనపడట్లేదు. జుట్టు కట్టవా?"

వదిన తన జడ క్లిప్పు తీసి, మేనకోడలి జుట్టంతా పైకి లాగి బిగించింది. "అచ్చం వాళ్ల నానమ్మ పోలికే" అని గొణిగింది. మిషన్ బయటికి కనపడుతోంది. మా అమ్మాయి పట్టించుకోలేదు.

"సార్, నా అర్జీ ఇటివ్వండి. అమ్మ చదివాక నేనూ చదివి చెప్తా," అంది వదిన.

నర్సు వెయిటింగ్ లిస్టు తెరిచింది. "మీ ముందు పదకొండు మంది ఉన్నారమ్మా."