పేరిందేవి గారి బెల్లులో సెల్లుని

నేను ఒక సెల్లుని. వాడి పారేసే రకం కాదు, ఛార్జి పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకునే రకం. నాకు ఒక కొస ప్లస్సు, ఇంకో కొస మైనస్సు. ఏది ఎటో పైనే రాసి ఉంటుంది. మనుషులకి అలా రాసి ఉండదు కాబట్టి, వాళ్లని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఎక్కడో ఫ్యాక్టరీలో నికెల్ పొడి కూరి, రేకు తొడిగి, నన్నూ నా జంట సెల్లునీ ఒకే అట్టకి అంటించి కాకినాడ పంపారు. అక్కడ ఒక అపార్టుమెంటులో ఉండే ఫణీంద్ర మమ్మల్ని కొని కెమెరాలో వేశాడు. ఫోనులోనే ఫొటోలు వస్తుంటే ఇదెందుకని కెమెరాని అటకెక్కించాక, టీవీ రిమోటులోకి మారాం. రిమోటు పనిచేయకపోతే మనుషులు దాన్ని అరచేత్తో కొడతారు. తప్పు రిమోటుదే అని వాళ్ల గట్టి నమ్మకం.

చివరికి బెల్లులో పడ్డాం. ఫణీంద్ర తల్లి పేరిందేవిగారికి మోకాళ్లు పట్టేసి, ఎవరైనా పట్టుకుంటే తప్ప మంచం దిగలేని పరిస్థితి వచ్చింది. ఆవిడ మంచానికి ఒక స్విచ్చు కట్టారు. అది నొక్కితే హాల్లో గోడకున్న బెల్లు మోగుతుంది. ఆ బెల్లుకి ప్రాణం మేమిద్దరం. ఆవిడ ఊరికే నొక్కే మనిషి కాదు. బాత్రూముకి వెళ్లాల్సి వస్తేనే, అదీ ఆపుకుని ఆపుకుని నొక్కేవారు. కోడలు హైమ రాగానే "నీకు శ్రమ ఇస్తున్నానమ్మా" అనేవారు. హైమ చెడ్డదేం కాదు. విసుక్కోకుండా వచ్చేది, పట్టుకుని తీసుకెళ్లేది.

ఇంతలో అపార్టుమెంటు వాళ్లకి పర్యావరణం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాడైన సెల్లులూ బ్యాటరీలూ చెత్తలో వేయకూడదు, సెల్లారులో పెట్టిన పెట్టెలో వేయాలి, రీసైక్లింగ్ వ్యాను వచ్చి పట్టుకెళుతుంది అన్నారు. మంచి మాటే. అక్కడ మమ్మల్ని విడగొట్టి, కరిగించి, మళ్లీ పనికొచ్చేలా చేస్తారట. కానీ మనవాళ్లకి మంచిపని చప్పగా ఉంటే సహించదు, పోటీ ఉండాలి. రెండు బ్లాకుల్లో ఎవరు ఎక్కువ బరువు ఇస్తే వాళ్లకి షీల్డు. పాత పేపర్లవాడి కాటా తెప్పించారు. పెట్టెకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి కూడా ఇచ్చారు. నిప్పుకి ఆమడదూరంలో ఉంచాల్సిన సరుకు ముందు కర్పూరం వెలిగించారు.

వెనక బ్లాకుకి హైమే పెద్ద. ఆదివారం పొద్దున్న, ఇంకాసేపట్లో తూకం అనగా, ముందు బ్లాకువాళ్లు ఇచ్చింది ఎక్కువని తెలిసింది. "వాళ్ల ముందు పరువు పోతుందండీ" అంటూ ఇల్లంతా గాలించింది. పాడైనవి ఎప్పుడో అయిపోయాయి. పనిచేస్తున్నవాటి మీద పడింది. రిమోట్లు, గడియారాలు, ఆఖరికి బెల్లు. ఒకదానికొకటి తగిలి వేడెక్కకుండా కొసలకి టేపు వేయాలని చెప్పారు కాబట్టి మాకు ఎర్ర టేపు అంటించి, ఫ్లాటు నంబరు రాసిన కవర్లో వేసింది. సాయంత్రం కొత్తవి తెచ్చి వేద్దామనుకుంది.

వెనక బ్లాకే గెలిచింది. శాలువా, షీల్డు, ఫొటోలు. వ్యాను మర్నాడు వస్తుందని పెట్టెని సెల్లారులోనే ఉంచారు. చచ్చిన సెల్లుల మధ్య నిండు ఛార్జితో మేమిద్దరం పడి ఉన్నాం.

పైన ఫ్లాటులో జరిగింది తర్వాత ఆ ఇంటి మాటల్లో విన్నాను. మధ్యాహ్నం పేరిందేవిగారు స్విచ్చు నొక్కారు. నొక్కుతూనే ఉన్నారు. పిలిచారు కూడా. హాల్లో హైమ ఫోనులో అభినందనలు అందుకుంటోంది, ఆ నవ్వుల్లో పిలుపు వినపడలేదు. ఇక ఆగలేక ఆవిడ తనే దిగారు. తుంటి ఎముక విరిగింది.

"బెల్లు నొక్కకుండా ఎందుకు దిగావమ్మా?" అని ఫణీంద్ర అరిచాడు.

"నొక్కానురా. చాలాసేపు నొక్కాను."

అప్పుడు గుర్తొచ్చింది హైమకి. అంబులెన్సు ఎక్కబోతూ, ఆస్పత్రి ఫైలు మర్చిపోయానని వెనక్కి పరిగెత్తుకొచ్చింది. పెట్టెలో తన కవరు వెతికి మమ్మల్ని బయటికి లాగింది. గబగబా టేపు పీకి, పైకెళ్లి బెల్లులో వేసేసింది.

ఆపరేషనయి ఇంటికి తీసుకురాగానే పేరిందేవిగారు అన్న మొదటి మాట అదే. "బెల్లు పాడైందిరా ఫణీ, ఒకసారి చూడు."

హైమ స్విచ్చు నొక్కింది. ఇల్లంతా దద్దరిల్లేలా మోగించాను. ఏం చేయను? ఎవరు నొక్కినా మోగడమే నాకు తెలిసిన విద్య.

"బానే ఉందండి అత్తయ్యగారూ. కంగార్లో మీరే నొక్కలేదేమో."

ఫణీంద్ర వచ్చి మూత తీశాడు. నా కొసకి ఎర్ర టేపు ముక్క ఇంకా అంటుకునే ఉంది. వేలితో తడిమి చూశాడు. హైమ వైపు చూశాడు. ఆమె ముఖం పాలిపోయింది. చెబుతాడనుకున్నాను, ఇప్పుడు చెబుతాడనుకున్నాను. అతను ఆ ముక్కని గోటితో గీకేసి మూత పెట్టేశాడు.

"సెల్లులు బానే ఉన్నాయమ్మా. నీకే గుర్తుండటం లేదు."

హైమ భయపడి చేసింది. ఇతను తెలిసి చేశాడు. నాకు ఇతనంటేనే ఎక్కువ అసహ్యం.

పేరిందేవిగారు తన బొటనవేలి వైపు చూసుకున్నారు. "అంతేనేమోరా" అన్నారు ఆఖరికి.

పెట్టెలో ఉన్న మిగతావాళ్లంతా ఈపాటికి కరిగి, ఏదీ గుర్తులేకుండా కొత్తగా పుట్టి ఉంటారు. నన్ను మాత్రం ఈ గోడకే తగిలించారు. ఆవిడకిప్పుడు తన బొటనవేలి మీద నమ్మకం లేదు. దాన్ని స్విచ్చు మీద పెడతారు, తీస్తారు, గుమ్మం వైపు చూస్తూ పడుకుంటారు. నొక్కారో లేదో ఆవిడకి తెలియదు, నాకు తెలుసు.

నిన్న మధ్యాహ్నం పక్క తడిసిపోయింది. హైమ దుప్పటి లాగుతూ, "బెల్లుంది కదండి అత్తయ్యగారూ, నొక్కొచ్చు కదా!" అంది.

"నొక్కాననుకున్నానమ్మా" అన్నారు పేరిందేవిగారు, తప్పు చేసినట్టు.

ఈసారి నిజంగానే నొక్కలేదు.