తెర ముందు ఒడిబియ్యం

సినిమాల గురించి, సినిమావాళ్ళ మంచితనం గురించి నాలుగు ముక్కలు రాయమని వారపత్రిక వాళ్ళు అడిగారు. కథలు రాసేవాడికి అన్నీ తెలుసనుకుంటారు. నేను చూసిన సినిమాలు తక్కువ. దగ్గరగా చూసిన నటి ఒక్కతే. ఆమె పేరు రాయను. రాస్తే నా మాట వదిలేసి ఆమె ఫోటో వేస్తారు.

మాది యాదగిరిగుట్టకు దగ్గరి ఊరు. గొర్లే మా బతుకు. జాతర రోజుల్లో గుట్ట కింద డేరా వేసి సినిమా ఆడించేవాళ్ళు. యాభై ఎనిమిదిలో నా భార్య గోపమ్మను బతిమాలి తీసుకుపోయాను. అంతకు ముందు ఏడు మా ఒక్కగానొక్క బిడ్డ బీరమ్మ జ్వరంతో పోయింది. అప్పటి నుంచి గోపమ్మ గడప దాటలేదు.

సినిమాలో ఒక తల్లిలేని పిల్ల. పెండ్లి చేసి బండి ఎక్కించి పంపేస్తారు. డేరాలో ఆడవాళ్ళంతా ఏడ్చారు. గోపమ్మ ఏడవలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఒకే మాట అంది.

“ఒడి నింపకుండనే తోలిచ్చిండ్రు.”

మా దగ్గర ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు తల్లి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు కూతురి కొంగులో పోస్తుంది. అవే ఒడిబియ్యం. డోలు కొట్టి ఆడిపాడే ఒగ్గు కథలో దేవుడి పెండ్లి ఘట్టం వచ్చినా అంతే. ఊరంతా ఇళ్ళలోంచి కట్నాలు తెచ్చి, పెండ్లికూతురి వేషం కట్టిన మగవాడి ఒడిలో పెడుతుంది. అక్కడ ఎవరూ నవ్వరు.

మర్నాడు గోపమ్మ మళ్ళీ సినిమాకు పోదామంది. మనిషి తేరుకుంటోందని సంబరపడ్డాను. చంకలో మూట చూసి పేలాలనుకున్నాను. నా తమ్ముడు ఎల్లేశం కూడా మాతో వచ్చాడు. పెండ్లి ఘట్టం రాగానే ఆమె లేచి, కూర్చున్నవాళ్ళను దాటుకుంటూ తెర దగ్గరికి పోయి మూట విప్పి నిలబడింది. పెండ్లికూతురి ముఖం మీద ఆమె నీడ పడింది.

డేరా అంతా నవ్వింది. “ఓ అవ్వా, జర వంగు, పిల్ల కనవడ్తలేదు,” అని ఎవడో అరిచాడు. యంత్రం ఆపి దీపం వేశారు. టికెట్లు చింపేవాడు ఆమెను రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఎల్లేశమే.

“ఏం వదినె, గుడ్డకు ఒడి నింపుతున్నవా?”

“గుడ్డ అని నాకెర్కలేదా?” అంది గోపమ్మ. “నిరుడు ఒగ్గు కథల మీసాలు గొరిగిచ్చుకున్నోనికి నువ్వు చీర పెట్టినవ్ గద. గాయన నీ మర్దలా?”

ఈసారి జనం వాణ్ణి చూసి నవ్వారు. అది వాడికి మింగుడుపడలేదు. మర్నాటి నుంచి ఊళ్ళో ఆమెకు ‘తెరమ్మ’ అని పేరు పెట్టాడు. మంద దగ్గర, బావి దగ్గర, పదిమంది కూడిన ప్రతిచోటా నడుము వంచి, కొంగు పట్టి, ఆమె నిలబడినట్టు నిలబడి చూపించేవాడు. చివరికి పసిపిల్లలు కూడా ఆమెను ఆ పేరుతోనే పిలిచారు.

ఒడికని తీసిన బియ్యం మళ్ళీ కుండలో పోయకూడదు. పారేయకూడదు. మరొకరికి ఇవ్వకూడదు. గోపమ్మ మూటను దూలానికి కట్టింది. అప్పుడప్పుడు దించి, ఎండబెట్టి, మళ్ళీ పసుపు పట్టించి కట్టేది. ఏళ్ళ తరబడి అది మా నెత్తి మీద వేలాడింది. ఈలోగా ఆమెకు దగ్గు పట్టుకుంది. భువనగిరి దవాఖానలో సూదులు వేయించాను. దగ్గు తగ్గలేదు, మనిషి తగ్గింది.

“ఒడి చేరని బియ్యం ఇంట్ల ఉండంగ నేను పోతే, నా పానం గా దూలానికే యాలాడ్తది,” అనేది.



ఒకనాడు పక్కింటి బక్కమ్మ పరుగున వచ్చింది. “గోపక్కా, నీ సినిమా బిడ్డ గుట్టకు మొక్కుకొచ్చిందట. సత్రంల దిగిందట.” గోపమ్మ దూలం వైపు చూసింది. నేను బండి కట్టాను.

మేం పోయేసరికి నటి దర్శనం చేసుకుని వచ్చి కారు ఎక్కబోతోంది. తెర మీద కంటే పొట్టి. కండ్ల కింద నలుపు. అలిసిపోయిన మనిషని చూడగానే తెలిసింది. వెంట ఉన్నతను మమ్మల్ని తోశాడు.

“బిడ్డా, నీ ఒడిబియ్యం నా కాడనే ఉండిపోయినయి,” అంది గోపమ్మ.

నటి ఆగింది. “నా బియ్యమా అమ్మా?”

“నీ పెండ్లినాడు నన్ను పొయ్యనియ్యలే.”

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. ఏ పెండ్లి అని అడగలేదు. తెర మీద ఎన్నిసార్లు పెండ్లికూతురయిందో ఆమెకే గుర్తుండి ఉండదు. కారు తలుపు మూసి, సత్రం అరుగు మీద కూర్చుని కొంగు పట్టింది.

గోపమ్మ బొట్టు పెట్టి బియ్యం పోసింది. కొన్ని గింజలు కింద పడ్డాయి. నటి వాటిని ఏరి కొంగులో వేసుకుంది. అయినా గోపమ్మ కదల్లేదు. ఖాళీ గుడ్డ పట్టుకుని నిలబడింది. వెంట ఉన్నతను జేబులో చెయ్యి పెట్టాడు. నటి వద్దన్నట్టు చూసింది.

“మాది కోస్తా అమ్మా. మీ పద్ధతి నాకు తెలియదు. నేనేం చెయ్యాలి?”

“తల్లిగారిల్లు ఉత్తగ గావొద్దు బిడ్డా. పిడికెడు మల్ల నా గుడ్డల పొయ్యి.”

ఆమె పిడికెడు తీసి, ఇంకో చెయ్యి కింద పట్టి, ఒక్క గింజ జారకుండా పోసింది.

“చాలామ్మా?”

“సాలు. పోయి రా బిడ్డా.”

“వెళ్ళొస్తానమ్మా.”

కారు పోయింది. కొంగులోని బియ్యం ఆమె ఏం చేసిందో నాకు తెలియదు. దారిలో ఎవరికైనా ఇచ్చేసి ఉండవచ్చు. ఆమె చేసింది నటనే కావచ్చు. చాలాసార్లు ఆలోచించాను. నటనే అనుకున్నా, ఆ మాత్రం నటన నా తోడబుట్టినవాడికి చేతకాలేదు.

ఆ ఏడు వానాకాలంలో గోపమ్మ పోయింది. మా దగ్గర పోయినవాళ్ళ నోట్లో బిడ్డ చేతి బియ్యం వేసి మట్టికి తీసుకుపోతారు. ఎల్లేశం తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

“అన్న, బిడ్డ లేని మనిషాయె. నా బిడ్డ ఏస్తది.”

“అక్కెర లేదు. బిడ్డ చేతి బియ్యం ఉన్నయి,” అన్నాను. గుట్ట నుంచి వచ్చాక గోపమ్మ దూలానికి కట్టిన చిన్న మూట దించాను.

వాడు దాన్ని గుర్తుపట్టాడు. “గవి సినిమాదాని బియ్యం గదనే,” అన్నాడు.

నేనే ఆ బియ్యం గోపమ్మ నోట్లో వేశాను. పసుపు ఇంకా పోలేదు. వాడిని పాడె పట్టనివ్వలేదు. ఆ తర్వాత వాడు నాలుగుసార్లు మనుషులను పంపాడు, ఒకసారి తనే వచ్చి గడపలో కూర్చున్నాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడను కూడా.

మొన్నటి జాతరకు డేరా మళ్ళీ వచ్చింది. నేను పోలేదు. బక్కమ్మ చూసి వచ్చింది. ఆ నటి ఇప్పుడు తల్లి వేషాలు వేస్తోందట. బిడ్డను సాగనంపే ఘట్టం కూడా ఉందట.

“ఒడి నింపిందా?” అని అడగబోయి ఊరుకున్నాను. కోస్తా మనిషి. గోపమ్మ తప్ప ఎవరు చెప్పి ఉంటారు?