దుమ్ము చొరని బండి

చందాపుర కూడలి దాటాక ఆనేకల్ రోడ్డు పక్కన వెంకటగిరియప్పకు రేకుల షెడ్డు ఉంది. బేకరీ వ్యాన్లకూ పాల బండ్లకూ వెనక డబ్బాలు కట్టడం ఆయన పని. బెన్నీ, స్టెల్లా ఒక పాత పికప్ బండిని తెచ్చి, మంచం పట్టేంత డబ్బా కట్టాలన్నప్పుడు ఆయనకు సంగతి అర్థం కాలేదు.

“ఏమి అమ్మేకి పెడతా ఉండారప్పా దీంట్లో? దోసెలా, జూసా?”

“ఏమీ అమ్మం. కొండల్లోకి వెళ్ళి ఇందులో పడుకుంటాం,” అన్నాడు బెన్నీ.

ఆయన బెన్నీని కింది నుంచి పైదాకా చూశాడు. వయసు నలభై లోపే. మొహం నల్లబడింది, పాదాలు వాచి చెప్పులు బిగుసుకున్నాయి. ఇంకేమీ అడగకుండా టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు.

బెన్నీ ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ సర్వర్లు చూసుకునేవాడు. సెలవు దొరికితే చాలు, బైకు మీద సకలేశపుర కొండల్లోకి వెళ్ళి గుడారం వేసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో స్టెల్లా ఒకసారి వెంట వెళ్ళింది. ఒంగోలు టౌన్లో పెరిగిన పిల్ల. పాముల భయంతో తెల్లారేదాకా టార్చి పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత అతనొక్కడే వెళ్ళి వచ్చేవాడు.

అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. తల్లి తనది ఒకటి ఇస్తానంది గానీ సరిపడలేదు. దాతల కిడ్నీ కోసం పేరు రాయించుకుని ఎదురుచూడటమే మిగిలింది. ఈలోగా ఇంట్లోనే వైద్యం. కడుపులో అమర్చిన గొట్టం గుండా సంచిలోని మందునీళ్ళు ఎక్కించాలి, కొన్ని గంటలుంచి దింపేయాలి, మళ్ళీ కొత్తవి ఎక్కించాలి. రోజంతా అదే వరస. స్టెల్లా నర్సు కాబట్టి హెబ్బగోడిలోని వాళ్ళ అద్దె ఇంట్లో ఒక గదిని ఆపరేషన్ థియేటర్ లాగా ఉంచింది. సంచి మార్చేటప్పుడు తలుపులు మూసి ఫ్యాను ఆపేది. దుమ్ముతో పాటు ఏ క్రిమి లోపలికి పోయినా కడుపంతా చీము పడుతుంది. బెన్నీ ఆ గదికి కట్టుబడిపోయాడు.

బండి ఆలోచన స్టెల్లాదే. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి అతను ఫోన్లో ఎవరిదో క్యాంపింగ్ వీడియో చూస్తున్నాడు. శబ్దం లేదు.

“సౌండ్ ఎందుకు తీసేశావ్?” అంది.

“వాగు చప్పుడు వింటే వెళ్ళాలనిపిస్తుంది,” అన్నాడు, ఫోన్ పక్కన పెడుతూ.

ఆ గది వదిలి అతను రాలేడు. మరి గదినే వెంట తీసుకెళితే? వారం తిరక్కుండా స్టెల్లా బండి వెతకడం మొదలుపెట్టింది.

సంగతి తెలిశాక వెంకటగిరియప్ప ఆ పనిని సొంత పనిలా పట్టుకున్నాడు. మంచం కింద సంచుల పెట్టెలు జరగకుండా అరలు కట్టాడు. పైకప్పుకు కొక్కెం, మూలన కాలితో నొక్కితే నీళ్ళొచ్చే చిన్న సింకు పెట్టాడు. తలుపుల చుట్టూ రబ్బరు అంటించాక లోపల తెల్ల దుప్పటి పరిచి, బండిని క్వారీ రోడ్డు మీద తిప్పుకొచ్చారు. తెరిచి చూస్తే దుప్పటి మీద ఎర్రటి దుమ్ము గీత. ఆయన రబ్బరంతా పీకేసి మళ్ళీ అంటించాడు. మళ్ళీ గీతే. చివరికి ఒకరోజు దుప్పటి పరిచింది పరిచినట్టే తెల్లగా వచ్చింది. బెన్నీ దాన్ని భుజాన వేసుకుని నవ్వుతూ షెడ్డంతా తిరిగాడు. అతను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో స్టెల్లాకు గుర్తు రాలేదు.

ఫిబ్రవరిలో బయల్దేరారు. స్టెల్లాతో పనిచేసే వనజ వాళ్ళ చిన్నాన్నకు సకలేశపుర అవతల కాఫీ తోట ఉంది. తోట దాటి మట్టిదారిన పైకి పోతే గడ్డి మైదానం, దాని అంచున ఒక చిన్న వాగు. సాయంత్రానికి స్టెల్లా అక్కడ బండి ఆపింది. తలుపులు మూసి, చేతులు కడుక్కుని, కొక్కేనికి సంచి తగిలించింది. ఇంట్లో ఎలా జరిగేదో ఇక్కడా అలాగే జరిగింది. తాము గెలిచామనుకుంది.

మర్నాడు పొద్దున బెన్నీ వాగు దగ్గరికి నడవబోయాడు. పట్టుమని పది అడుగులు వేయకముందే నిలబడిపోయాడు. ఆయాసం. స్టెల్లా చెయ్యి పట్టుకుంటే ఇంకో నాలుగడుగులు వేసి గడ్డిలో కూర్చున్నాడు. ఒకప్పుడు ఈ కొండలే ఒక్క పూటలో ఎక్కి దిగిన మనిషి. ఆయాసం తగ్గాక స్టెల్లా అతన్ని లేపింది. మెల్లగా తీసుకొచ్చి బండి తలుపు దగ్గర కూర్చోబెట్టింది.

“నువ్వు వెళ్ళి చూసి రా. వచ్చి చెప్పు,” అన్నాడు.

వెళ్ళింది. తిరిగొచ్చి, వాగు బాగుందని, నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పింది.

“అంతేనా? రాళ్ళ మీద నాచు ఉందా? చేపలున్నాయా? నీకు చూడటం రాదు స్టెల్లా. మళ్ళీ వెళ్ళు.”

ఆమె మళ్ళీ వెళ్ళింది. ఈసారి నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగింది. గోరంత చేపలు వచ్చి కాలివేళ్ళను పొడిచాయి. అడుగున రాళ్ళు తేనె రంగులో ఉన్నాయి. పైనుంచి రాలిన ఆకు ఒకటి రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని అక్కడే గిరగిరా తిరుగుతోంది. అవన్నీ చెబుతుంటే బెన్నీ కళ్ళు మూసుకుని విన్నాడు. విని, ఇంటికి పోదామన్నాడు. ఇంకో రోజు ఉండాలని వచ్చినవాళ్ళు ఆ మధ్యాహ్నమే కొండ దిగారు.

దార్లో అతను, ఎండలు ముదరకముందే ఇంకోసారి వద్దామన్నాడు. స్టెల్లా సరేనంది. ఆ సరే నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

మార్చి నెలాఖరున ఒక తెల్లవారుజామున స్టెల్లా సంచి వెచ్చబెట్టి లేపబోతే బెన్నీ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అతని అక్క మరియమ్మ, సమాధుల తోటలో అందరి ముందూ, ఆ కొండలకు తిప్పబట్టే తమ్ముడు పోయాడంది. ఆ ప్రయాణానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పిన మాట స్టెల్లా బయటపెట్టలేదు. ఆవిడకు కోపం తప్ప ఏమీ మిగల్లేదనిపించింది.

వానలు మొదలయ్యాక బండిని షెడ్డుకు తీసుకెళ్ళి, లోపలిదంతా విప్పేయమంది.

“ఇట్లే ఉండనీమ్మా. ఇట్లే కావాలనేవాళ్ళు ఎవురైనా దొరుకుతారు,” అన్నాడు వెంకటగిరియప్ప.

“దొరికేదాకా నేను చూస్తా ఉండలేను, అంకుల్.”

ఆయన ఇంక నచ్చజెప్పలేదు. కట్టింది తనే కాబట్టి విప్పడం ఎక్కువసేపు పట్టలేదు. మంచం చెక్కలు బయటకు తెచ్చేటప్పుడు మాత్రం స్టెల్లాను టీ తాగి రమ్మని పంపేశాడు. దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చిన ఒక మగ్గాల వ్యాపారి నూలు బేళ్ళు మోయడానికి ఆ బండి కొనుక్కుపోయాడు.

స్టెల్లా బస్సులో హెబ్బగోడికి వచ్చింది. ఇంటి ముందు బండి నిలిపే చోట అప్పటికే ఎవరిదో స్కూటరు, దాని పక్కన పైవాటా వాళ్ళ పిల్లల సైకిలు ఉన్నాయి. సన్నగా వాన పడుతోంది. ఆమె వాటిని చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత మెట్లెక్కి, తలుపు తీసి, సంచులు మార్చిన ఆ గదిలో ఫ్యాను వేసుకుని కూర్చుంది.